ఓబుళమ్మ వంటింట్లో రెండో దూలం

1955 జూన్ నెల. కర్నూలు పాతబస్తీలో నేను రోజూ భోజనం చేసే ఇంట్లో, మేమంతా ఆకుల ముందు కూర్చుని ఉండగా వంటింటి కప్పు కూలిపోయింది.

మట్టి మిద్దె కూలితే పిడుగు పడినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ముందు లావుపాటి కట్టె విరిగిన చప్పుడు ఒకటి వచ్చింది. తర్వాత బండిలోంచి మన్ను దించుతున్నట్టు ఎడతెగని చప్పుడు. ఆ తర్వాత దుమ్ము. అది వంటింటి వాకిలి గుండా నడిమింట్లోకి వచ్చి, అన్నానికీ మాకూ ఒకే రంగు పూసింది. ఎవరం కదల్లేదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా శేషగిరిరావు ఒక్కడే లేచి, తన విస్తరిని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా వీధిలోకి నడిచాడు.

లోపల వంట చేస్తున్నది ఆ ఇంటి కోడలు ఓబుళమ్మ. ఆమె భర్త లక్ష్మన్న మాకు మజ్జిగ వడ్డిస్తున్నాడు. చెంబు చేతిలో పట్టుకుని వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాడు గాని, భార్యను పిలవడానికి అతనికి నోరు రాలేదు. అప్పుడు పెరట్లోంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు మాకందరికీ తెలుసు. లక్ష్మన్న చెంబు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

మేం వెళ్ళి చూస్తే ఓబుళమ్మ బావి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. "దగ్గొస్తే బయటికి వచ్చినా. నేనీడ దగ్గుతాండా, ఆడ పడిపాయ" అంది. మళ్ళీ దగ్గింది. తర్వాత, "పప్పు దించలేదు" అంది.

ఇది జరిగేనాటికి నేను ఒక తెలుగు దినపత్రికకు కర్నూలు విలేకరిని. ఊరు రాజధాని అయి రెండేళ్ళు కాలేదు. సర్కారు ఆఫీసులు కొన్ని పాత బంగళాల్లో, కొన్ని డేరాల్లో నడిచేవి. వచ్చిన ఉద్యోగులకు ఇళ్ళు లేవు. పశువుల కొట్టానికి సున్నం కొట్టి, తలుపు బిగించి, అద్దెకిచ్చిన వాళ్ళున్నారు. పెళ్ళాం పిల్లల్ని మద్రాసులోనో గుంటూరులోనో వదిలి వచ్చిన గుమాస్తాలకు అన్నం దొరకడమే కష్టమైంది. అలాంటప్పుడు లక్ష్మన్న తన ఇంట్లో పూటకూళ్ళు మొదలుపెట్టాడు. పత్తి మిల్లులో అతనికి వచ్చే జీతం అంతంతమాత్రం. నలుగురితో మొదలైంది, పది మంది దాటింది. ఆ పది మందిలో నేనొకణ్ణి. నాది కోయిలకుంట్ల. ఓబుళమ్మ పుట్టిల్లు ప్రొద్దుటూరు దగ్గర. ఆమె చేసే గోంగూర పుల్లగూర మా అమ్మ చేసినట్టే ఉంటుందని రోజుకొకసారైనా అనుకునేవాణ్ణి.

ఇల్లు లక్ష్మన్న తాత కట్టించింది. రాతిగోడలు, పైన మట్టి మిద్దె. మా వైపు ఇళ్ళు చూడనివాళ్ళ కోసం చెప్తాను. గోడ నుంచి గోడకు దూలం వేస్తారు. దూలాల మీద అడ్డంగా దంతెలు, అంటే సన్నటి వాసాలు. వాటి మీద కట్టెలు పరిచి, ఆకులు కప్పి, మన్ను మెత్తుతారు. అన్నిటికన్నా పైన చౌడు పోస్తారు. చౌడు తెల్లటి ఉప్పుమన్ను. తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ప్రతి ఏడాదీ వానల ముందు కొత్త చౌడు తోలించడం ఇంటి పెద్ద పని.

ఆ వంటింటికి పెరట్లోకి ఒక తలుపుంది గాని, కిటికీ లేదు. పొగ పైకి పోవడానికి గవాచి ఒక్కటే దారి. అంటే కప్పులో వదిలిన చిన్న కన్నం. వాన చినుకు పడితే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండ మూయాలి. నలుగురికి వండినంత కాలం ఆ పొగ ఎలాగో సర్దుకుంది. పది మందికి వండడం మొదలయ్యాక ఓబుళమ్మకు దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేదని లక్ష్మన్న నాతో చెప్పాడు. డాక్టరు మందిచ్చి, పొగకు దూరంగా ఉండమన్నాడు. వంట చేసి బతికే మనిషి పొగకు దూరంగా ఎక్కడికి పోతుంది?

1954 మొదట్లో లక్ష్మన్న వంటిల్లు బాగు చేయించాలనుకున్నాడు. మూలన ఇటుక చిమ్నీ, నిలబడి వండుకునే గట్టు, అంతే. మహబూబ్ సాబ్ అనే మేస్త్రీ వచ్చి చూసి, ఎస్టిమేటు నోటితోనే చెప్పాడు. ఎస్టిమేటంటే పని మొదలుపెట్టకముందు వేసుకునే ఖర్చు అంచనా. పాత ఇంట్లో అది నిలవదని అప్పుడే తెలిసింది. పాత పొయ్యి పీకితే దాని వెనక గోడ పూత మొత్తం ఊడి వచ్చింది. గట్టు కట్టబోతే కింద నేల కుంగింది, కడప బండలు పరచాల్సి వచ్చింది. చిమ్నీ పైకి పోవడానికి కప్పు కోయాలి, కోయాలంటే రెండు దంతెలు తీసెయ్యాలి, తీస్తే అడ్డకట్టె వేయాలి. ఒక కొత్త వస్తువు పెట్టేసరికి దాని పక్కనున్న నాలుగూ పాతవని తెలిసిపోయింది. ముందనుకున్నదానికి మూడింతలైంది ఖర్చు. ఓబుళమ్మ చేతుల బంగారు గాజులు అందులో కలిసిపోయాయి. ఆమె వాటి గురించి బాధపడినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

ఇష్టం లేనివాడు ఒకడే. లక్ష్మన్న తండ్రి నరసప్ప. చిమ్నీ పెడుతున్నన్నాళ్ళూ ఆయన వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేవాడు: "మా ఇంట్లో పొగకు పెద్ద వాకిలి పెడ్తాండారు. మనుషులకు చిన్న వాకిలి చాల్లే."

ఏడాదికి పైగా అంతా బాగానే ఉంది. పొగ పైకి పోయింది. దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పుడు కప్పు కూలింది.

ఇక నా వృత్తి సంగతి. రోజూ సాయంత్రం మా డెస్క్ నుంచి నాకు ట్రంక్ కాల్ వచ్చేది. డెస్క్ అంటే మేం పంపిన వార్తల్ని దిద్ది, తలకట్టు పెట్టి, అచ్చుకు పంపే సబ్‌ఎడిటర్లు కూర్చునే చోటు. ఆ రోజు సర్కారు వార్తలు చెప్పడం అయ్యాక, చివర్లో ఈ సంగతి కూడా చెప్పాను.

"సెక్రటేరియట్ వాళ్ళు భోంచేస్తుంటే కూలిందా?" సబ్‌ఎడిటర్ గొంతులో హుషారు వచ్చింది. "ఎవరికన్నా దెబ్బలు తగిలాయా?"

"లేదండీ."

"ఎందుకు కూలింది?"

ఇంకా కనుక్కోలేదన్నాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. వార్త రాయడం నేర్చుకునేవాడికి మొదటిరోజు చెప్పేవి ఈ అయిదే. మొదటి నాలుగూ నా కళ్ళముందే జరిగాయి.

"కనుక్కుని చెప్పు. రేపు సాయంత్రం వేద్దాం. రాజధానిలో పాత ఇళ్ళ పరిస్థితి అని తలకట్టు పెట్టొచ్చు" అన్నాడాయన.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తండ్రీ కొడుకులు మన్ను ఎత్తిపోస్తున్నారు. మహబూబ్ సాబ్ కూడా వచ్చాడు. వంటింట్లో ఉన్నవి రెండు దూలాలు. పొయ్యి వైపున్నది విరిగి పడింది. వాకిలి వైపున్నది నిలిచే ఉంది. దాని మీద సగం కప్పు కూడా అలాగే ఉంది. పొయ్యి మూలన చిమ్నీ ఒంటరిగా ఆకాశంలోకి నిలబడి ఉంది, చెక్కు చెదరకుండా.

నన్ను చూడగానే నరసప్ప పార పక్కన పడేశాడు.

"రాసుకోప్పా. పొగ లేక పడిపాయ మిద్దె. మా నాయన కాలం నుంచి పొగ తాగిన దూలమప్పా అది. ఇనుము మాదిరి ఉండె. వీడు పొగకు దారి పెట్టె, చెదలుకూ దారి పెట్టె. పొగుండే ఇంట్లోకి చెదలు వస్తాదా? నువ్వే చెప్పు, మీ కోయిలకుంట్లలో వస్తాదా?"

"అదే పొగను నీ కోడలు గూడా తాగె గదా నాయనా" అన్నాడు లక్ష్మన్న.

"నేను కాదంటినా? పెరట్లో కొట్టమేసుకుని వండుకోమంటిని."

"వానొస్తే?"

"ఈ కర్నూల్లో వానొచ్చేది ఏడాదికి ఎన్ని దినాలు లేప్పా!"

మహబూబ్ సాబ్ కూడా నవ్వాడు. కాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లక్ష్మన్న నన్ను పక్కకు తీసుకుపోయి, చిమ్నీ కోసం కోసిన దంతెలు చూపించాడు. "ఈ రెండూ తీసినందుకు బరువంతా ఆ దూలం మీద పడిందన్నా. మేస్త్రీ సరిగ్గా ఊతం ఇయ్యలేదు. మంచోడే, కాని చిమ్నీలు యాడ కట్టినాడు? ఇదే మొదటిది."

అది మహబూబ్ సాబ్ చెవిన పడింది. "కోసిన మాట నిజం సాబ్" అన్నాడు నాతో. "కోసినచోట అడ్డకట్టె ఏసినా. రా, చూడు. అది ఇప్పుడు గూడా ఇరగలే. ఇరిగింది యాడ? ఆ చివర, నడిమి గోడలోపల. నా చిమ్నీ యాడుండాది, ఆ గోడ యాడుండాది?" తర్వాత గొంతు తగ్గించి, "ఈ పెద్దాయన చేసిన పని అడుగు. పోయిన నెల రెండు బండ్ల చౌడు పోయించినాడు, చిమ్నీ పక్కన వాన దిగుతాదని. పాతది గోకిస్తే గదా!"

"గోకితే కారదా?" నరసప్ప అరిచాడు.

"గోకకుంటే బరువు గాదా?"

నేను నిచ్చెన వేసుకుని, నిలిచి ఉన్న నడిమింటి మిద్దె మీదికి ఎక్కి చూశాను. విరిగిన అంచున మన్ను మూరెడు మందం ఉంది. ఒక పొర మీద ఒక పొర, ఏ ఏడాది చౌడు ఆ ఏడాదిది. పాతది తీసి కొత్తది పోయాలని అందరికీ తెలుసు. ఆ వీధిలో ఎవరూ తీయరని కూడా అందరికీ తెలుసు. మా ఇంట్లోనూ తీయలేదు. ఈ బరువుకే కూలాలంటే ఆ వరసలో ఇళ్ళన్నీ కూలాలి.

కిందికి దిగి విరిగిన దూలం చూశాను. నడిమి భాగం నల్లగా నిగనిగలాడుతోంది. నా పెన్సిలు చెక్కే కత్తి దానిలోకి దిగలేదు. ఆ విషయంలో నరసప్ప చెప్పింది నిజం. గోడలో ఉన్న చివర మాత్రం గుల్ల. చేత్తో నలిపితే రాలిపోయింది. చెదలు తిన్నదీ నిజమే. కాని గోడలో పూడుకుపోయిన చివరకు పొగ ఏనాడూ తగిలి ఉండదు కదా. ఆ మాటే ఆయనతో అన్నాను.

"పొగ గోడలోకి పోదా?" అన్నాడు నరసప్ప. "నా ట్రంకు పెట్టెలో మడిచిపెట్టిన పంచెక్కూడా పొగ వాసన వచ్చేది. పెట్టెలోకి పోయేది గోడలోకి పోదా?"

మహబూబ్ సాబ్ వైపు చూశాను. అతను గడ్డం గోక్కుంటున్నాడు. "ఏమో సాబ్. పని మొదలుపెట్టే ముందు సుత్తితో కొట్టి చూసినా. ఠంగుమనె. నడిమిన కొట్టినా. చివర గోడలో ఉంటే ఎట్ల కొట్టల్ల?"

అప్పటికి నాకు ఒక సంగతి అర్థమైంది. వీళ్ళు నాకు చెప్తున్నారు గాని, మాట్లాడుతున్నది ఒకరితో ఒకరు. నరసప్ప దాన్ని బయటికే అన్నాడు: "ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు. నువ్వు పేపర్లో ఏం రాస్తే అదే. చిమ్నీ వల్ల పడిందని రాస్తే చిమ్నీ తీసేసి, కప్పు మల్ల ముందున్నట్టు ఏపిస్తా. ఇల్లు నా పేరున ఉండాది." లక్ష్మన్న తల వంచుకున్నాడు. మహబూబ్ సాబ్ మాత్రం నన్నే చూస్తున్నాడు. ఊళ్ళో ఆ ఏడాది పాత ఇళ్ళు బాగు చేయించుకోని వాళ్ళు లేరు. చిమ్నీ కట్టి కప్పు కూల్చిన మేస్త్రీ అని పేపర్లో ఒక్క ముక్క వస్తే అతన్ని పిలిచేదెవరు?

పెరట్లో ఓబుళమ్మ మూడు రాళ్ళు పెట్టి వంట చేస్తోంది. గాలి ఎటు మళ్ళితే అటు కొంగు అడ్డం పెట్టుకుంటోంది. గుమాస్తాలు మధ్యాహ్నం వస్తారు, వాళ్ళకు కప్పు సంగతి పట్టదు. నేను బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పిలిచింది.

"అన్నా, పేపర్లో ఏం రాస్తావు?"

"ఇంకా తేలలేదమ్మా. నీకేమనిపిస్తాంది?"

ఆమె వాకిలి వైపు చూసింది. లోపల పారల చప్పుడు వినిపిస్తోంది.

"చిమ్నీ పెట్టకముందు నుంచే ఆ మూలన పొడి రాల్తాండె అన్నా. సన్నగా, పిండి మాదిరి. పప్పు కుండకు ఎప్పుడూ మూత పెట్టేదాన్ని."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే?" కట్టె ఎగదోసింది. "దూలం మార్చల్లంటే మిద్దె దించల్ల. నా గాజులన్నీ దూలానికే పోతాయి. చిమ్నీ మల్ల చూద్దాంలే అంటారు. ఆ మల్ల యెప్పుడొస్తాదో నాకు తెలీదా?"

అంతవరకు విన్న మూడు కారణాలనూ ఆ ఒక్క మాట పడగొట్టింది. చిమ్నీకి ముందే చెదలు ఉంటే నరసప్ప వాదం పోయినట్టే. మేస్త్రీ తప్పూ లేదు. చౌడు బరువు చివరి తోపు మాత్రమే.

"అది చెదల పొడేనా? గుర్తుందా?" అని అడిగాను.

"నాకేం తెలుసన్నా. మసి రాల్తాది, మన్ను రాల్తాది, ఎలుకలు తవ్వినా రాల్తాది. ఆ పొగలో కండ్లు తెరిస్తే గదా చూసేకి."

అంతే. తేలిందనుకున్నది మళ్ళీ మునిగింది.

"రాస్తావా?" అంది.

"నీ పేరు రాయను."

"పేరు రాయకుంటే ఏమాయ? ఆ వంటింట్లో ఉండేది నేనొక్కదాన్నే గదా."

ఆమె దించిన గిన్నె మీద మూత పెడుతూ, "చిమ్నీ పెట్టినాక పడుకుంటే నిద్ర పడ్తాండాదన్నా" అంది. దగ్గు తగ్గిందని ఆమె చెప్పలేదు, చిమ్నీ ఉంచమని అడగలేదు.

"రెండో దూలం నుంచి పొడి రాలలేదా?" అని అడిగాను చివరగా.

"ఆ పక్క నేను చూళ్ళేదు. పొయ్యి ఈ పక్కన గదా ఉండేది."

లోపలికి వెళ్ళి, రెండో దూలం చివర కూడా గోడ తవ్వి చూడమని లక్ష్మన్నకు, మేస్త్రీకి చెప్పాను. ఎందుకని అడిగారు. రెండూ ఒకే కాలం నాటివి, ఒకే గోడలో ఉన్నవి కదా అన్నాను. అది నిజమే కాబట్టి నేను వేరే ఏమీ కల్పించాల్సిన అవసరం లేకపోయింది.

సాయంత్రం ట్రంక్ కాల్ వచ్చింది.

"కారణం దొరికిందా?" అన్నాడు సబ్‌ఎడిటర్.

"నాలుగు దొరికాయండీ."

"నాలుగు దొరికితే ఒక్కటీ దొరకనట్టే. ఇంజనీరెవరన్నా చూశాడా?"

"ఎవరూ చూడలేదు."

"మరి నువ్వేమంటావు?"

ఆ ప్రశ్న ఆయన నన్నెప్పుడూ అడగలేదు. విలేకరి ఏమంటాడన్నది వార్తలో భాగం కాదు. నేను అన్నీ వరసగా తలచుకున్నాను. చెదలు ఉంది. అది పొగ పోయాక వచ్చిందో, ముందే ఉందో తెలియదు. చౌడు బరువు ఉంది. పక్క ఇళ్ళ మీదా అంతే బరువుంది. దంతెలు కోసిన మాట నిజం. విరిగింది అక్కడ కాదు. పొడి రాలింది. అది దేని పొడో రాలినప్పుడు చూసిన మనిషికే తెలియదు. ఒక కారణం రాస్తే ఓబుళమ్మ మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చోవాలి. ఇంకోటి రాస్తే మహబూబ్ సాబ్ ఇంట్లో కూర్చోవాలి. మరోటి రాస్తే ఓబుళమ్మ ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. ఈ మూడింటిలో ఏదైనా నిజమని నాకు గట్టిగా తెలిసి ఉంటే ఏం చేసి ఉండేవాణ్ణో చెప్పలేను. తెలియలేదు. అదే చెప్పాను.

"అయితే ‘కారణం తెలియరాలేదు’ అని వేస్తాను" అన్నాడాయన, కాస్త నిరాశగా.

నాలుగు పంక్తుల వార్త లోపలి పేజీలో అడుగున వచ్చింది. పాత ఇళ్ళ గురించి పెద్ద తలకట్టు రాలేదు. ఆ పేపరు కర్నూలు చేరిన రోజు శేషగిరిరావు నడిమింట్లో నిలబడి, రేడియో వాళ్ళలా గొంతు సవరించుకుని చదివాడు. నరసప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"తెలియరాలేదా?" అన్నాడు. "అంతేనా?"

"అంతేనండీ. కారణం తెలియరాలేదు."

"నాకు తెలుసు గదా! నన్ను అడిగె గదా ఈ అప్ప! అడిగినోడు రాయల్ల గదా!"

"నన్నూ అడిగె పెద్దాయనా" అన్నాడు మహబూబ్ సాబ్ వాకిట్లోంచి. అతను ఆ రోజు పొద్దున్నుంచి అక్కడే తచ్చాడుతున్నాడు. వార్త మళ్ళీ ఒకసారి చదివించుకుని, తన పేరు లేదని తేల్చుకుని, బీడీ ముట్టించాడు.

నరసప్ప చాలాసేపు గొణిగాడు. నన్ను నాలుగు మాటలన్నాడు. చదువుకున్నవాళ్ళకు ఇంటి సంగతులు పట్టవన్నాడు. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "పేపరోడికే తెలీదంటే నాకు మాత్రం ఏం తెలుసులే. పెట్టుకోండి మీ చిమ్నీ" అన్నాడు. వాకిలి వెనక ఓబుళమ్మ గాజుల చప్పుడు వినిపించింది. మట్టి గాజులు.

కప్పు మళ్ళీ వేశారు. పడిన దూలం స్థానంలో నల్లమల అడవి నుంచి తెప్పించిన మద్ది కట్టె వేశారు. రెండో దూలం చివర చూడ్డానికి మహబూబ్ సాబ్ గోడ దగ్గర నిలబడి ఖర్చు చెప్పాడు. నడిమి గోడ తవ్వాలంటే దాని అవతలి వైపు ఆనుకుని ఉన్న నడిమింటి కప్పునంతా ఊతం పెట్టి నిలపాలి. అంటే పది మంది భోంచేసే చోటు నెలరోజులు మూతపడాలి. ఆ భోజనాల మీదే ఈ కప్పు ఖర్చు తీరాలి. లక్ష్మన్న లెక్క వేసుకోవడం కూడా మానేశాడు. సుత్తితో కొట్టి చూశారు. ఠంగుమంది. నడిమిన కొట్టారు. దూలం కింద ఒక ఊతకట్టె మాత్రం నిలబెట్టారు.

ఆ తర్వాత నరసప్ప ఒక పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనాలు అయి, కోడలు పెరట్లో గిన్నెలు తోముకునే వేళ, ఆయన వంటింట్లోకి పోయి తలుపు వేసుకునేవాడు. చిమ్నీ నోటికి తడి గోనెపట్టా కుక్కి, పెనం మీద పిడక నిప్పు, వేపాకు వేసి పొగ పెట్టేవాడు. పొగంతా దూలాలకు పట్టేదాకా అక్కడే కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, తలుపులు బార్లా తీసి, గోనెపట్టా లాగేసేవాడు. కోడలు వచ్చేసరికి పొగ ఉండేది కాదు.

"మామా, నీకు దగ్గొస్తాది" అని ఆమె ఒకసారి అనడం విన్నాను.

"వస్తే రానీలే. నేనేమన్నా పది మందికి వండల్లనా?" అన్నాడాయన.

రెండు మూడు రోజులు చారు వేపాకు వాసన కొట్టింది. ఆరోగ్యానికి మంచిదని శేషగిరిరావు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

1956 చివర రాజధాని హైదరాబాదుకు పోయింది. గుమాస్తాలు లారీల్లో బీరువాలు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. లక్ష్మన్న ఇంట్లో పూటకూళ్ళు ఆగిపోయాయి. నన్ను మా పత్రిక కడపకు పంపింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రమాదాలు, మంటలు, వంతెనలు, చాలా వార్తలు పంపాను. ప్రతిదానికీ అయిదో ప్రశ్న ఉండేది. దానికి జవాబు చెప్పేవాణ్ణి చూసినప్పుడల్లా, ఈ జవాబు నిలిస్తే ఎవరి మీద ఏం పడుతుందో కూడా చూసుకోవడం ఓబుళమ్మ పెరట్లో నేర్చుకున్నాను. అది నేర్చుకున్నంత మాత్రాన జవాబులు సులభంగా దొరికాయని చెప్పను. ‘తెలియరాలేదు’ అన్న మాట పిరికివాడూ రాస్తాడు, నిజంగా తెలియనివాడూ రాస్తాడు. అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి.

1959లో కడప బస్టాండులో లక్ష్మన్న కనిపించాడు. కడపలో పని చూసుకుని, ప్రొద్దుటూరులో బావమరిది పెళ్ళికి పోతున్నాడు. నరసప్ప పోయిన ఏడాది కాలం చేశాడట. పెళ్ళి పనులకు ముందే పోయిన ఓబుళమ్మ బాగుందట.

"దగ్గు?"

"శానా తగ్గింది. ఇప్పుడు ఇద్దరికే గదా వండేది. చిమ్నీ వల్ల తగ్గిందో, ఆ సర్కారు పోయినందుకు తగ్గిందో మరి."

"మధ్యాహ్నం పొగ పెట్టేది ఎవరు?"

"ఎవరు పెడ్తారన్నా. నాయనతోనే పాయ ఆ పని. నేనోసారి పెట్టబోతే ఓబుళమ్మ తిట్టింది."

"ఆ ఊతకట్టె?"

అతను నవ్వాడు. "బిందెకు తగుల్తాండాదని తీసేసినాం. మిద్దె మాత్రం గట్టిగా ఉండాది. నువ్వు వస్తే చూస్తువు."

ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మద్ది దూలం కొత్తది, దాని గురించి నాకు బెంగ లేదు. రెండోది లక్ష్మన్న తాత వేయించిందే. పడిపోయినదానితో పాటే, అదే గోడలో, అదే రోజుల్లో వేసింది. దాని చివర ఎలా ఉందో గోడ తవ్వితే తప్ప తెలియదు. ఆ గోడ ఇంతవరకు ఎవరూ తవ్వలేదు.